గోడౌన్‌లో పట్టీ తట్టుకుని పడితే తప్పు పాదానిదా?

ప్రశ్న: నా వయసు 34. మేడ్చల్ వైపు ఒక పెద్ద గోడౌన్‌లో ఏజెన్సీ ద్వారా ప్యాకింగ్ పని చేస్తున్నాను. పది రోజుల కిందట నైట్ షిఫ్ట్‌లో, రాత్రి రెండున్నర ప్రాంతంలో, పెద్ద అట్టపెట్టె ఎత్తుకుని టేబుల్ వైపు వస్తుంటే కింద పడి ఉన్న ప్లాస్టిక్ పట్టీ కాళ్లకు చుట్టుకుని ముందుకు పడ్డాను. కుడి అరచెయ్యి నేలకు బలంగా తగిలింది. సూపర్‌వైజర్ "చూసుకుని నడవాలి కదమ్మా" అని మంచినీళ్లిచ్చి ఆటోలో ఇంటికి పంపించారు. పొద్దున్నే ఫోన్ చేసి, ఆసుపత్రిలో మాత్రం ఇంట్లో బాత్రూమ్‌లో జారానని చెప్పమన్నారు. మా వీధి క్లినిక్‌లో అలాగే చెప్పాను. ఎక్స్‌రేలో ఏమీ లేదు, బెణికింది అని కట్టు కట్టి మాత్రలు రాశారు. వాపు తగ్గింది కానీ బొటనవేలి వైపు మణికట్టు నొప్పి పోలేదు. సీసా మూత కూడా తిప్పలేకపోతున్నాను. రాని రోజులకు జీతం ఉండదంటున్నారు. జీతం స్లిప్‌లో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కోత కనిపిస్తోంది. మా ఆయన పని మానేయమంటున్నారు. తప్పు నాదే కదా అనిపించి ఎవరినీ అడగలేకపోతున్నాను. ఏం చేయాలి?

సమాధానం: అమ్మా, జీతం, ఈఎస్ఐ, ఉద్యోగం అన్నీ మాట్లాడుకుందాం. కానీ ముందు మీ చెయ్యి. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అదే.

ముందుకు పడుతున్నప్పుడు ఎవరైనా అరచేతులు చాచేస్తారు. ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటిలో బొటనవేలి వైపు ఉండేదాన్ని స్కాఫాయిడ్ అంటారు. ఇలా చెయ్యి ఆనించి పడినప్పుడు ఆ ఎనిమిదింటిలో ఎక్కువగా విరిగేది అదే. దానితో చిక్కేమిటంటే, సన్నని పగులైతే మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. వాపు తగ్గిపోతుంది, మనిషి బెణుకే అనుకుని పనిలోకి వెళ్లిపోతాడు. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా ఒక కొస నుంచే అందుతుంది కాబట్టి, విరిగిన చోట కదలిక ఆగకపోతే అతుక్కోదు. ఒక్కోసారి రక్తం అందని ముక్క చచ్చుబడిపోతుంది. కొన్నేళ్లకు మణికట్టు అరిగిపోయి బరువు ఎత్తలేని స్థితి వస్తుంది. అందుకే అనుమానం ఉంటే డాక్టర్లు ముందుగానే బొటనవేలితో సహా కట్టు వేసి, పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. అప్పటికీ తేలకపోతే ఎంఆర్‌ఐ కానీ సీటీ కానీ రాస్తారు.

ఒకసారి మీ బొటనవేలిని పైకి చాచి చూడండి. మణికట్టు దగ్గర, రెండు నరాల్లా కనిపించే వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. ఎడమచేతి వేలితో ఆ గుంటలో మెల్లగా నొక్కండి. అక్కడ నొప్పి కలుక్కుమంటే అది బెణుకు అని నమ్మి కూర్చోవద్దు. నొప్పి లేకపోయినా, పది రోజులకు సీసా మూత తిరగడం లేదంటే చాలు, ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే. రేపే వెళ్లండి. ఎక్స్‌రేకి పంపేటప్పుడు "స్కాఫాయిడ్ అనుమానం ఉందా సార్" అని మీరే అడగండి. దానికి చేతిని కొంచెం తిప్పి వేరే కోణాల్లో ఫొటోలు తీస్తారు. అప్పటిదాకా ఆ చేత్తో బిందె ఎత్తడం, బట్టలు పిండడం, పిండి కలపడం ఏవీ వద్దు. ఇంట్లోవాళ్లను చెయ్యమనండి.

ఎక్కడికి వెళ్లాలి? మీకు ఈఎస్ఐ ఉంది కాబట్టి మీ కార్డు మీద రాసి ఉన్న డిస్పెన్సరీకి వెళ్లండి. అక్కడి నుంచి నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికో, సనత్‌నగర్ ఈఎస్ఐసీ ఆసుపత్రికో రాస్తారు. కార్డు చేతిలో లేకపోతే మీ ఇన్సూరెన్స్ నంబరు, ఆధార్ పట్టుకెళ్లండి. ఆ నంబరు జీతం స్లిప్‌లోనే ఉంటుంది. క్లినిక్ ఎక్స్‌రే, మందుల చీటీ కూడా తీసుకెళ్లండి.

అక్కడ డాక్టరు "ఎలా తగిలింది" అని అడుగుతారు. మీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. బాత్రూమ్ మాట మళ్లీ ఎత్తకండి. "డ్యూటీలో, గోడౌన్‌లో, పట్టీ తట్టుకుని పడ్డాను. భయపడి క్లినిక్‌లో వేరేగా చెప్పాను, అలా చెప్పమన్నారు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. దాన్ని చీటీ మీద రాయమని అడగండి. మీకు రావలసింది ఏమిటన్నది ఈ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఉంటుంది, ఎలాగో చెబుతాను.

ఇంట్లో పడితే ఈఎస్ఐ లెక్కలో అది జబ్బు సెలవు. జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదికి 91 రోజులే. అది కూడా అంతకు ముందు ఆరు నెలల లెక్కలో కనీసం 78 రోజుల చందా ఉంటేనే. పనిలో దెబ్బ తగిలితే లెక్క వేరు. పని చేయలేని కాలమంతా జీతంలో 90 శాతం ఇస్తారు. 91 రోజుల హద్దు లేదు. చందా ఎన్నాళ్లు కట్టారని చూడరు, చేరిన మొదటి రోజు పడినా వర్తిస్తుంది. దెబ్బ తగిలిన రోజు కాక కనీసం మూడు రోజులు పని చేయలేకపోతే చాలు. మీకు రోజుకు 500 పడుతోందనుకోండి, జబ్బు కింద 350, పనిలో గాయం కింద 450. ఈ తేడా కన్నా పెద్దది ఇంకొకటుంది. రేపు మణికట్టు పూర్తిగా కోలుకోక పట్టు తగ్గిపోతే, మెడికల్ బోర్డు చూసి సంపాదించే శక్తి ఎంత పోయిందో తేల్చి, దాన్ని బట్టి బతికున్నంతకాలం నెలనెలా డబ్బు ఇచ్చే ఏర్పాటు పనిలో గాయాలకే ఉంది. బాత్రూమ్‌లో పడినవాళ్లకు లేదు. "ఇంట్లో జారానని చెప్పు" అన్న మాట ఎంత తేలిగ్గా అన్నారో కానీ, దానితో మీ చేతినుంచి జారిపోయేది ఇంత.

వాళ్లు అలా ఎందుకు అంటారు? డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ, యజమాని కాదు. అయినా ప్రమాదాన్ని రికార్డులో రాస్తే పైవాళ్లు అడుగుతారు, ఏజెన్సీకి కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీ అడుగుతుంది, "ఇన్ని రోజులుగా ప్రమాదం లేదు" అని గేటు దగ్గర పెట్టిన బోర్డు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సూపర్‌వైజర్ మీద కూడా ఒత్తిడి ఉంటుంది, ఆయన్ను రాక్షసుణ్ని చేయాల్సిన పని లేదు. కానీ ఆ ఒత్తిడి బరువు మీ మణికట్టు మోయకూడదు.

ఇక మీరు చేయాల్సిన కాగితం పని. ప్రమాదం జరిగిందని యజమానికి తెలియజేయాలి. నోటితో చెప్పినా చెల్లుతుంది, సూపర్‌వైజర్‌కు చెప్పినా చెల్లుతుంది. మీ సూపర్‌వైజర్ పక్కనే ఉండి ఆటో ఎక్కించారు కాబట్టి ఆయనకు తెలియదనడానికి వీల్లేదు. అయినా ఈ రోజే ఆయనకూ, ఏజెన్సీ వాళ్లకూ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. గొడవ పడే మాటలు వద్దు. ఇలా ఉంటే చాలు:

"సార్, ఫలానా తేదీ నైట్ షిఫ్ట్‌లో రాత్రి సుమారు 2.30కి, ఫలానా నంబరు ప్యాకింగ్ టేబుల్ దగ్గర, కింద ఉన్న ప్యాకింగ్ పట్టీ కాలికి చుట్టుకుని పడ్డాను. కుడి మణికట్టుకు దెబ్బ తగిలింది. మీరే నన్ను ఇంటికి పంపించారు. ఇంకా నొప్పి ఉంది, ఈఎస్ఐకి వెళ్తున్నాను. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాసి, ఈఎస్ఐకి రిపోర్ట్ పంపగలరు."

తేదీ, టైము, చోటు, తట్టుకున్న వస్తువు, చూసినవాళ్లు ఈ అయిదూ ఉండాలి. చూసినవాళ్ల పేర్లు మెసేజ్‌లో రాయకపోయినా మీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి, ఎందుకంటే వాళ్లూ ఉద్యోగానికి భయపడుతుంటారు. ఆ రోజు మీ పంచింగ్, పొద్దున సూపర్‌వైజర్ నుంచి వచ్చిన కాల్ వివరాలు, ఆటో టైము, క్లినిక్ బిల్లు తేదీ ఏవీ చెరిపేయవద్దు. క్లినిక్‌లో చెప్పిన అబద్ధం మీకు అడ్డం రావచ్చు. ఈ వివరాలన్నీ ఒక వరుసలో పెడితే జరిగిందేమిటో అవే చెబుతాయి. ఆలస్యమయ్యేకొద్దీ నమ్మించడం కష్టం, అందుకే ఈ రోజే అంటున్నాను.

యజమాని ఈఎస్ఐకి పంపేదాన్ని యాక్సిడెంట్ రిపోర్ట్ అంటారు. చాలాకాలంగా ఫారం 12 అని పిలిచేది అదే. వాళ్లు పంపకపోతే మీ దారి మూసుకుపోదు. మీ పరిధిలోని ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లి మేనేజర్‌కు తెల్లకాగితం మీద రాసివ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. వాళ్లే విచారించాలి. ఈఎస్ఐ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2526. సెలవు సర్టిఫికెట్లు మాత్రం ఈఎస్ఐ డాక్టరు దగ్గరే తీసుకోండి, తేదీల మధ్య ఖాళీ లేకుండా చూసుకోండి. వీధి క్లినిక్ ఇచ్చిన రెస్టు చీటీలు చూపించి ఈఎస్ఐ దగ్గర డబ్బు రాబట్టడం తేలిక కాదు.

జీతం స్లిప్‌లో కోత కనిపిస్తోంది కానీ అది నిజంగా ఈఎస్ఐకి చేరుతోందా అన్నది కూడా చూసుకోండి. మీ వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఈఎస్ఐ వెబ్‌సైట్‌లో కానీ ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో కానీ మీ నంబరుతో చూడొచ్చు, పిల్లలెవరైనా చూసి పెడతారు. ఏజెన్సీ కట్టకపోతే గోడౌన్ నడిపే అసలు కంపెనీ బాధ్యత పడుతుంది. ఏజెన్సీ మనిషివి, మాకు సంబంధం లేదు అంటే కుదరదు. ఈఎస్ఐ అసలే లేనివాళ్లు, అంటే నెలకు 21,000 దాటి జీతం ఉన్నవాళ్లో, నమోదు చేయనివాళ్లో ఇది చదువుతుంటే వాళ్లకు కార్మిక శాఖ ద్వారా యజమాని నుంచే పరిహారం అడిగే దారి ఉంది. 1923 నుంచీ ఉన్న హక్కు ఇది, రెండేళ్లలోపు అడగాలి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి రావడంతో ఈఎస్ఐ, ప్రమాద పరిహారం రెండూ సామాజిక భద్రత కోడ్ కిందికి వచ్చాయి. పేరు మారింది కానీ పనిలో గాయపడినవారికి ఇవ్వాలన్న మూలం మారలేదు.

ఇప్పుడు మీరు అడగలేక అడిగిన ప్రశ్న. తప్పు మీదేనా?

కాదమ్మా. ఊరడించడానికి అనడం లేదు. మనం మామూలుగా నడిచేటప్పుడు, ముందుకు ఊగే పాదం నేలకు ఎంత ఎత్తున ఉంటుందో తెలుసా? ఆ ఊపులో ఒక దశలో బొటనవేలి కొస నేలకు ఒక వేలి మందం ఎత్తులోనే పోతుంది, సెంటీమీటరో, సెంటీమీటరున్నరో. అదే క్షణంలో పాదం మంచి వేగం మీద ఉంటుంది. నున్నని నేల మీద అందరం రోజంతా అలాగే నడుస్తాం, ఒంట్లో శక్తి ఆదా అయ్యేలా శరీరం నేర్చుకున్న నడక అది. అంటే నేల మీద రెండు సెంటీమీటర్ల ఎత్తున్న ఏ వస్తువైనా మనిషిని పడేయగలదు. పెద్దవాటిని చూసి దాటతాం, పడేసేవి ఈ చిన్నవే.

ఇక ఆ పట్టీ. బేళ్లకూ అట్టపెట్టెలకూ బిగించే ప్లాస్టిక్ పట్టీని కోసి వదిలేస్తే అది నేలకు అతుక్కుని పడుకోదు. పెట్టె చుట్టూ వంగి ఉన్న వంపు దానిలో ఉండిపోతుంది, అందుకని నేల మీద విల్లులా లేచి నిలబడుతుంది. మీ ఒక పాదం దాని ఒక కొసను తొక్కుతుంది. రెండో పాదం ముందుకు వచ్చి ఆ లేచిన వంపులో దూరుతుంది. మీ బరువే పట్టీని నేలకు బిగించి పట్టుకుంటుంది, మీ కాలే దాన్ని లాగుతుంది. వేటగాడు పెట్టిన ఉచ్చు పనిచేసేదీ ఇలాగే. కాలు విదిలించుకునే వ్యవధి ఉండదు. చేతిలో పెట్టె ఉంది కాబట్టి పట్టుకోవడానికి చెయ్యీ ఖాళీగా లేదు.

మీరు చూసి నడవలేదంటారా? ఛాతీ దాకా వచ్చే అట్టపెట్టె పట్టుకున్న మనిషికి ముందున్న రెండు మూడు అడుగుల నేల కనిపించదు. అది కంటి తప్పు కాదు. పెట్టె అడ్డం. పైగా రాత్రి రెండున్నర, గంటకు ఇన్ని అని టార్గెట్. "చూసుకుని నడవాలి" అన్న సలహా పాటించాలంటే మీరు పెట్టె దించి, వంగి, నేలంతా వెతికి, మళ్లీ ఎత్తుకోవాలి. అలా చేస్తే టార్గెట్ పోతుంది, దానికీ మిమ్మల్నే అంటారు.

ఆ పట్టీ అక్కడికి దానంతట అది రాలేదు. ఎవరో కోశారు, పడేసేందుకు దగ్గరలో డబ్బా లేదు, కింద వదిలేశారు. ఆ కోసినవాళ్లనూ తిట్టకండి, వాళ్లకూ అదే టార్గెట్. పట్టీలు కోసే ప్రతి చోటా ఒక కట్టరూ ఒక చెత్త డబ్బా పెట్టకపోవడమే అసలు లోపం. ఫ్యాక్టరీల చట్టంలో 1948లోనే 32వ సెక్షన్ ఉండేది. నేల, మెట్లు, నడిచే దారులు అడ్డంకులు లేకుండా, జారే వస్తువులు లేకుండా ఉంచాలని అందులో రాశారు. మనుషులు పడిపోయిన అనుభవంతో రాసుకున్న వాక్యం అది. పైన చెప్పిన నాలుగు లేబర్ కోడ్‌లలో పనిచోటు భద్రత కోసం ఉన్న కోడ్ కూడా ప్రమాదం లేని పనిచోటు ఇవ్వడం యజమాని విధి అంటోంది. ఏజెన్సీ మనుషులకు కూడా నియామక పత్రం ఇవ్వాలని అదే కోడ్ చెబుతోంది, మీకు ఇచ్చారో లేదో చూసుకోండి. ఇవ్వకపోతే అడగండి.

పరిహారం దగ్గర కూడా మీ అజాగ్రత్త ఉందా లేదా అన్న లెక్క లేదు. తాగి పనిచేయడం, కావాలని భద్రతా నియమం మీరడం లాంటివి వేరు. తడబడి పడటం ఎవరి హక్కునూ పోగొట్టదు. కాబట్టి "నీ తప్పే" అని ఎవరన్నా, వాదించకుండా ఊరుకోండి, మీ కాగితాలు మీరు చేసుకోండి.

గోడౌన్లలో నేను తిరిగి చూసినంతలో ఇలాంటి పడిపోవడాలకు కారణాలు చాలావరకు ఒకే కుటుంబం నుంచి వస్తాయి. పట్టీలు, పాలెట్‌కు (సరుకు పేర్చే బల్లకు) చుట్టే స్ట్రెచ్ ఫిల్మ్ తోకలు, నడిచే దారిలోకి పొడుచుకొచ్చిన పాలెట్ మూలలు, స్టిక్కర్లు తీసి పారేసిన నున్నని కాగితం, ఛార్జింగ్ వైర్లు, లారీకీ డాక్‌కీ (సరుకు ఎక్కించి దించే అరుగుకీ) మధ్య ఎత్తుపల్లం. అన్నిటికన్నా నాకు భయం హ్యాండ్ పాలెట్‌ను, అంటే పాలెట్లను ఎత్తి లాగే చేతి బండిని, ఖాళీగా దారి మధ్యలో వదిలేయడం. దాని రెండు ఫోర్కులూ పూర్తిగా దించినా నేలకు ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి. పెట్టె మోసేవారికి అవి కనిపించవు. ముంగాలు తగిలి మనిషి నేరుగా ముఖం మీద పడతాడు. దాన్ని ఎప్పుడూ ఏదో ఒక పాలెట్ కిందికి దూర్చి నిలబెట్టాలి, లేదా గీత గీసిన చోట గోడ వైపు ఫోర్కులు పెట్టి ఉంచాలి. వానాకాలంలో డాక్ దగ్గర నీళ్లు, ఆరుబయట వెలుతురులోంచి లోపలి మసక వెలుతురులోకి వచ్చే మొదటి కొన్ని అడుగులు, ఇవి కూడా గుర్తుంచుకోదగ్గవి.

మీరు తిరిగి పనిలోకి వెళ్లాక సూపర్‌వైజర్‌ను మూడే అడగండి. పట్టీ కోసే ప్రతి టేబుల్ దగ్గరా డబ్బా కావాలి. కోసిన మనిషే రెండు కొసలూ పట్టుకుని మడిచి అందులో వేయాలన్న నియమం కావాలి, ఆ రెండు సెకన్లూ టార్గెట్‌లో లెక్కించాలి. కంటికి నేల కనిపించని సైజు పెట్టెలను చేత్తో మోయించకూడదు, ట్రాలీ ఇవ్వాలి. ఒక్కరే అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది. మీ లైన్‌లోవాళ్లు నలుగురైదుగురు కలిసి షిఫ్ట్ మొదలయ్యే మీటింగ్‌లో అడిగితే పనిలో భాగంలా వినిపిస్తుంది. పడబోయి తమాయించుకున్న సందర్భాలు కూడా ఆ మీటింగ్‌లోనే చెప్పమనండి. దెబ్బ తగలకముందే ఆ చోటు తెలిసిపోతుంది.

ఈ జవాబు చదివే సూపర్‌వైజర్లకు ఒక మాట. మీ ఫ్లోర్ మీద ఎవరైనా పడితే ముందు మనిషిని ఆసుపత్రికి పంపండి. ఆ వెంటనే, ఊడ్పించకముందే, ఆ వస్తువును ఉన్నచోటే ఫొటో తీయండి. ఆ ఫొటో పడినవారి మీద నేరం మోపడానికి కాదు. రేపు అదే చోట ఇంకొకరు పడకుండా డబ్బా ఎక్కడ పెట్టాలో చెప్పేది అదొక్కటే.

చివరగా ఉద్యోగం. మీవారి ఆందోళన అర్థమవుతోంది, కానీ ఇప్పుడు మానేయవద్దు. ఈఎస్ఐ సర్టిఫికెట్ మీద సెలవులో ఉన్న మనిషిని ఆ కాలంలో తీసేయకూడదని 1948 ఈఎస్ఐ చట్టంలోనే రాశారు. మీ అంతట మీరు రాజీనామా ఇస్తే ఆ రక్షణ మీకు మీరే వదులుకున్నట్టు. ఏజెన్సీవాళ్లు చట్టం చూసి మాట్లాడతారని నేననను, "వచ్చే నెల నుంచి రావద్దు" అని ఫోన్‌లో చెప్పి ఊరుకోవచ్చు. అలా అంటే "ఆ మాట మెసేజ్‌లో పెట్టండి" అనండి. ఆ మెసేజ్‌తో కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసుకు వెళ్లొచ్చు. మీ గోడౌన్‌లో యూనియన్ ఉంటే వాళ్లను వెంట తీసుకెళ్లండి. లేకపోయినా ఒక్కరే వెళ్లొద్దు, మీవారినో చదువుకున్న బంధువునో తోడు తీసుకెళ్లండి.

సెటిల్‌మెంట్ అంటూ రెండు మూడు వేలు చేతిలో పెట్టి సంతకం అడిగితే, చెయ్యి నయమయ్యాకే మాట్లాడదాం అని చెప్పండి. స్కాఫాయిడ్ విరిగిందని తేలితే కట్టు ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా ఉండొచ్చు, ఆపరేషన్ కూడా పడొచ్చు. చెయ్యి ఎంతవరకు కోలుకుంటుందో తేలకముందే దేని మీదా సంతకం చేయవద్దు. ఖాళీ కాగితం మీద అయితే అసలే వద్దు.